క్షేత్రచరిత్ర జిజ్ఞాస: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము

శ్రీమద్రామాయణ బాలకాండమున విశ్వామిత్రమహర్షి వెంట బయలుదేరిన రామలక్ష్మణుల ప్రయాణమును పారాయణము చేయునప్పుడు భక్తుల దృష్టి సాధారణముగా తాటకావధ మీదను, యాగసంరక్షణము మీదను, శివధనుర్భంగము మీదను నిలుచును. ఈ మహాఘట్టముల నడుమ, మార్గము పొడవునను, శ్రీరాముడు చేసిన మరియొక కార్యము కలదు. ప్రతి మజిలీ యందును ఆయన ప్రశ్న వేసెను.

సరయూ గంగల సంగమము చెంత ఒక ఆశ్రమము కనిపించెను. ఇది యెవరి ఆశ్రమము, ఇందెవరు నివసింతురు అని రాముడు అడిగెను. మహర్షి చిరునవ్వుతో, అచ్చట మన్మథుడు అనంగుడైన వృత్తాంతమును, ఆ దేశమునకు అంగమను పేరు వచ్చుటకు గల కారణమును చెప్పెను. నావలో గంగ దాటుచుండగా నీటి ఘోష వినిపించెను. ఆ ధ్వని యెక్కడిదని అడిగెను. సరయువు మానససరస్సున పుట్టిన నది యనియు, అది గంగతో కలియునప్పటి శబ్దమే అదియనియు చెప్పి మహర్షి నమస్కరింపజేసెను. భీకరారణ్యము ఎదురైనప్పుడు ఈ అడవి యేమిటని అడుగగా, ఒకప్పుడు మలద కరూశములను పేర్లతో ధనధాన్యసమృద్ధములైన జనపదములు అచ్చటనే యుండెననియు, తాటక వలన అవి పాడుపడెననియు తెలిసెను. శోణనదీతీరమున ఈ దేశమెవరిదని అడిగిన ఒక్క ప్రశ్నకు సమాధానముగా మహర్షి తన వంశవృత్తాంతమునంతయు చెప్పుచుండగా అర్ధరాత్రమైనది. విశాలానగరము చూచి ఇచ్చటి రాజవంశమేదని అడిగెను.

చివరకు మిథిలోపవనమున పాతదై, అందమైనదై, మనుష్యసంచారము లేని ఆశ్రమమొకటి కనబడెను. ఇది పూర్వమెవరిదని రాముడు అడిగెను. అది గౌతమాశ్రమము. మహర్షి అహల్యావృత్తాంతమును వినిపించి లోనికి రమ్మనెను. పిదప జరిగినది లోకవిదితము. పాడుపడిన స్థలమును చూచి, దాని పూర్వవృత్తాంతమును అడిగి, విని, ఆ తరువాతనే లోపల అడుగుపెట్టుట అను క్రమమును వాల్మీకి ఇట్లు నిలిపెను. సర్వజ్ఞుడైన పరమాత్మకు తెలియని స్థలము ఉండునా యని శంకింపవచ్చును. మనుష్యుడై అవతరించినవాడు మనుష్యధర్మమును ఆచరించి చూపెనని పెద్దలు సమాధానము చెప్పుదురు. అట్లయినచో, తాను నడచుచున్న నేల యెవరిదని అడుగుట మనుష్యధర్మములలో ఒకటి యగుచున్నది.

ఈ ధర్మమును హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమునకు అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము. ఆ ప్రాంతమునే ఎంచుకొనుటకు కారణము కలదు. ఒకవైపు నాగపూరు పోవు జాతీయరహదారి, మరియొకవైపు కరీంనగరు పోవు రాజీవ్ రహదారి, రెండింటిని అడ్డముగా ఖండించుచు బాహ్యవలయ రహదారి. ఈ మూడింటి నడుమ చెరువులు, రాతిగుట్టలు, మెట్టపొలములతో నుండిన పల్లెలు నేడు విశ్వవిద్యాలయములకును, ఔషధ పరిశోధనాలయములకును, గృహనిర్మాణ వెంచర్లకును తావైనవి. మేడ్చల్ వరకు 2023 ఏప్రిల్‌లో నగరపు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి. అంతకు ముందే, 2016 అక్టోబరు 11న, రంగారెడ్డి జిల్లా నుండి విడివడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. ఒక తరము లోపల ఇంత మార్పు జరిగినచోట, ఈ నేల యెవరిదని అడిగినచో చెప్పగలవారు నానాటికి తగ్గిపోవుదురు. క్రొత్తగా వచ్చినవారు తమ వెంచరు పేరు చెప్పుదురే గాని పొలము పేరు ఎరుగరు. ఇది వారి దోషము కాదు. వారికెవరును చెప్పలేదు.

ఊరిపేర్లే తొలిపాఠము. మేడ్చల్ మండలమున శ్రీరంగవరము అను గ్రామము కలదు. శామీర్‌పేట చేరువను మూడుచింతలపల్లి వైపున కేశవరము కలదు. శ్రీవైష్ణవ గృహములందు ప్రతిదినము ఉచ్చరింపబడు పేర్లు రెండును ఊళ్లై నిలిచియున్నవి. ఊరిపేర్ల చివర కనిపించు ‘వరము’ అను భాగము పెక్కుచోట్ల ‘పురము’ నుండి మారినది. సమాసమున పకారము వకారమగుట తెలుగునకు సహజము. ‘పురము’ ‘వురము’ అయి, నోట నలిగి ‘వరము’ అయినది. ఈ రీతిని చూచినచో శ్రీరంగవరము శ్రీరంగపురమును, కేశవరము కేశవపురమును కావచ్చును. వరమనగా భగవంతుడిచ్చిన వరమే యని అర్థము చెప్పువారును కలరు. ఆ అర్థము భక్తికి ఇంపైనదే. కాని వ్యుత్పత్తిని నిర్ణయించునప్పుడు ఇంపు ప్రమాణము కాదు. మూడుచింతలపల్లి, ఉద్దెమర్రి వంటి పేర్లయందు చింతలును మర్రియు స్పష్టముగా వినబడుచున్నవి. చెట్లు పోయినను పేరు పోలేదు. పేరు కూడ పోయి ఆంగ్లపు వెంచరు పేరు నిలిచినచో, చింతలుండెనని చెప్పునది మిగులదు.

ఈ ప్రాంతమున చరిత్ర జిజ్ఞాసకు పట్టుగొమ్మ కీసరగుట్ట. శామీర్‌పేటకు ఆగ్నేయముగా, ఈ జిల్లాలోనే యున్న ఈ కొండపై శ్రీరామలింగేశ్వరాలయము ప్రసిద్ధము. మహాశివరాత్రికి గొప్ప జాతర జరుగును. కార్తికమాసమున కుటుంబములు తండోపతండములుగా పోవును. శివక్షేత్రమును గూర్చి వైష్ణవ పాఠకులకేల యనువారు స్థలపురాణమును ఒకపరి వినవలెను. రావణవధానంతరము శ్రీరాముడు ఇచ్చట శివలింగప్రతిష్ఠ సంకల్పించి, కాశి నుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెననియు, ఆయన వచ్చుట ఆలస్యము కాగా ముహూర్తము మించకుండుటకు శివుడు స్వయముగా ప్రత్యక్షమై లింగమునొసగెననియు చెప్పుదురు. హనుమంతుడు నూటొక్క లింగములతో వచ్చి, ప్రతిష్ఠ జరిగిపోయినదని చూచి ఖిన్నుడై వానిని కొండపై విసరివేసెనట. రాముడు ఆయనను ఓదార్చి, ఆ కొండ ఆయన తండ్రియైన కేసరి పేర కేసరిగిరియై వెలయునని అనుగ్రహించెనట. కేసరిగిరియే కీసరగుట్ట యైనదని ప్రతీతి. కొండపై ఆరుబయట చెదరియున్న లింగములను నేటికిని యాత్రికులు చూచుచున్నారు.

ఇది ఐతిహ్యము. ఇక అదే కొండపై రాయి చెప్పునది వేరొకటి కలదు. పురావస్తుశాఖ వారు జరిపిన త్రవ్వకములలో ఇటుక కట్టడముల పునాదులును, ప్రాకారమును, విష్ణుకుండినుల కాలపు నాణెములును బయల్పడినవి. విష్ణుకుండినులు క్రీ.శ. 5, 6 శతాబ్దులలో తెలంగాణమును, తీరాంధ్రమును ఏలిన రాజులు. తమ శాసనములందు శ్రీపర్వతస్వామి పాదానుధ్యాతులమని చెప్పుకొనిరి. వారిలో మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినట్లు ఆ వంశపు శాసనములు చాటుచున్నవి. వారి వంశీయుడైన గోవిందవర్మ, తన రాణి కట్టించిన బౌద్ధవిహారమునకు గ్రామదానము చేసిన తామ్రశాసనము నల్లగొండ ప్రాంతపు తుమ్మలగూడెమున దొరకినది. రాజుల ఔదార్యము అంతటిది. వీరి దానశాసనముల భాష సంస్కృతము.

ఆ కాలమునకే చెందిన ఒక చిన్న వ్రాత కీసరగుట్టపై ఒక బండ మీద కనబడినది. బ్రాహ్మీలిపి నుండి ఏర్పడిన అక్షరములలో అందున్నది ఒకే ఒక మాట: తొలుచువాండ్రు. రాజు పేరు లేదు, దేవుని పేరు లేదు, దానము లేదు, తిథి లేదు. రాతిని తొలుచువారు అని మాత్రమే దాని యర్థము. తెలంగాణమున ఇంతవరకు దొరకిన మిక్కిలి ప్రాచీనమైన తెలుగు మాటలలో దీనిని ఒకటిగా పండితులు గణించుచున్నారు. పూర్తిగా తెలుగు వాక్యములతో నున్న శాసనములలో మొదటిదిగా ప్రసిద్ధమైన రేనాటి చోళుల కలమళ్ల శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునాటిది. కీసరగుట్ట మాట దానికంటెను ముందటిదని పండితుల అభిప్రాయము.

ఈ మాట యెదుట కొంతసేపు నిలువవలసియున్నది. ‘తొలుచు’ అను ధాతువు నేటికిని మారలేదు. పురుగు కొయ్యను తొలుచును, వడ్రంగి రంధ్రము తొలుచును, శిల్పి రాతిని తొలుచును. ‘వాడు’ అనుదానికి బహువచనము ‘వాండ్రు’ అని వ్యాకరణము నేర్చిన బాలుడైనను చెప్పగలడు. పదునైదువందల సంవత్సరముల నాటి మాటను నేటి పల్లెవాడు నిఘంటువు చూడకయే అర్థము చేసికొనుచున్నాడు. రాజసభలో సంస్కృతము వెలుగుచుండగా కొండపై ఉలి పట్టినవాండ్రు తమ మాటను తమ భాషలో చెక్కుకొనిరి. ఎందుకు చెక్కిరి? అది వారి సంఘపు పేరా, వారు నివసించిన తావునకు గురుతా అని పరిశోధకులు తలపోయుచున్నారు. ఏదియైనను, కొండపై నున్న ఆ కాలపు కట్టడములకు రాయి తొలిచినవారి ఉనికి వారి నోటిమాటగానే మిగిలినది. సంస్కృతమే సర్వస్వమని తలచు పండితులు సైతము ఇచ్చట తల వంచవలసినదే.

ఇట్టి సందర్భము మరియొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 2021లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరిన పాలంపేట రుద్రేశ్వరాలయమును క్రీ.శ. 1213లో నిర్మింపజేసినవాడు రేచర్ల రుద్రుడు. లోకమందరికి తెలిసిన పేరు మాత్రము రామప్పగుడి. ఆ పేరు ప్రధానశిల్పిదని ప్రతీతి.

స్థలపురాణమును బండపై వ్రాతను ఎట్లు సమన్వయించుకొనవలెను? ఒకటి నిజము, రెండవది అబద్ధము అని కొట్టివేయువారు రెండు వైపులను కలరు. సంప్రదాయజ్ఞులు ఇంత తొందరపడరు. విశిష్టాద్వైతమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు మూడు. బండపై అక్షరము ప్రత్యక్షము. ఇటుకల కొలతను బట్టి, నాణెముల ముద్రను బట్టి కాలమును ఊహించుట అనుమానము. శబ్దమనగా ముఖ్యముగా వేదము. దాని ననుసరించిన ఆప్తవాక్యము. తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన, మొదట చెప్పినవాడెవడో తెలియని మాటకు శాస్త్రకారులు ఐతిహ్యమని పేరిడిరి. దానికి ప్రసిద్ధమైన ఉదాహరణము, ఈ మర్రిచెట్టున యక్షుడు వసించుచున్నాడని పల్లెవారు చెప్పుకొనుట. పౌరాణికులు ఐతిహ్యమును ప్రత్యేక ప్రమాణముగనే అంగీకరించిరి. నైయాయికులు ఆప్తుడు చెప్పినదైనచో అది శబ్దములోనే చేరుననిరి. ఎవరును దానిని పారవేయలేదు. ఎవరును దానిని ప్రత్యక్షముతో కలిపివేయలేదు. మర్రియున్నదనుట ప్రత్యక్షము, యక్షుడున్నాడనుట ఐతిహ్యము. ఊరి చరిత్ర వ్రాయువారు ఈ ఒక్క భేదము పాటించినచో సగము పని చక్కబడును. చూచినది వేరుగా, విన్నది వేరుగా, ఊహించినది వేరుగా వ్రాసికొనవలెను. మూడును వ్రాసికొనవలెను.

ఐతిహ్యమును ఎంత ఆదరింపవలెనో శ్రీవైష్ణవులకు వేరుగా చెప్పనక్కరలేదు. దివ్యప్రబంధ వ్యాఖ్యానములయందు ఆచార్యుల వృత్తాంతములు ఐతిహ్యములను పేరనే నిలిచినవి. మేడ్చల్ చేరువనున్న శ్రీరంగవరమునకు పేరొసగిన ఆ శ్రీరంగమునే తలచుకొందము. తురుష్కుల దండయాత్ర కాలమున ఉత్సవమూర్తి శ్రీరంగమును వీడి, దేశాంతరములు తిరిగి, కొంతకాలము తిరుమలయందును వేంచేసియుండి, దశాబ్దుల తరువాత 1371లో గోపన్న చేత శ్రీరంగమునకు పునరాగమనము చేసెను. అప్పటికి తొలుత సేవించినవారు గతించిరి. ఈ మూర్తియే పూర్వపు మూర్తియని నిర్ణయించువారెవరు? ఒక వృద్ధుడైన చాకలి మిగిలియుండెననియు, చూపు లేని యతడు తిరుమంజనపు తడివస్త్రమును పరిమళించి, ఈయనయే మన పెరుమాళ్లని గుర్తించెననియు, నంపెరుమాళ్లను పేరు దాని వలననే స్థిరపడెననియు పెద్దలు చెప్పుదురు. గోపన్న పునఃప్రతిష్ఠను చెప్పు శ్లోకములు శ్రీరంగపు గోడపై చెక్కబడియున్నవి. అది శాసనము. చాకలి వృత్తాంతము ఐతిహ్యము. శాసనము సంవత్సరమును నిలిపినది. మూర్తిని గుర్తుపట్టినది వస్త్రములుతికిన చేతుల జ్ఞాపకమని ఐతిహ్యము చెప్పుచున్నది.

శ్రీరంగమున భగవద్రామానుజులు చేసిన ఆలయవ్యవస్థయు, ఏ కైంకర్యమునకు ఎవరు అర్హులన్న నియమములును, కాలక్రమమున జరిగిన మార్పులును కోయిల్ ఒళుగు అను గ్రంథమున లెక్కగా వ్రాసిపెట్టబడినవి. తిరుమల, తిరుపతి ప్రాంతపు ఆలయములలో వేయికి పైగా శాసనములు గోడలనిండ నుండెను. దేవస్థాన శాసనపరిశోధకులైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వానిని చదివి 1930 దశకమున వెలుగునకు తెచ్చిరి. భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించిన సామవై యను పల్లవరాణి పేరు నేడు భక్తులకు తెలియుటకు గోడమీది ఆ అక్షరములే కారణము. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు గల రాగిరేకులు తిరుమల ఆలయమున ఒక రాతి అరలో శతాబ్దుల పాటు మౌనముగా నుండెను. ఆ అర ముందునుండి ఎందరు యాత్రికులు నడచిపోయిరో! రేకులను తెరచి చదువునంతవరకు అవి లేనట్లే యయ్యెను. ఇప్పుడు ఆ పాటలు లేని వైష్ణవగృహము లేదు.

ఈ కార్యము తెలంగాణమున ఎట్లు మొదలైనది? హైదరాబాదులో 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయపు పెద్దలు కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారి స్మారకముగా లక్ష్మణరాయ పరిశోధకమండలిని నెలకొల్పిరి. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు దానిని నడిపిరి. నిజాము రాజ్యమున తెలుగునకు రాజాదరము లేని రోజులవి. శేషాద్రి రమణకవులను జంట పేరుతో ప్రసిద్ధులైన దూపాటి సోదరులు, వైష్ణవపండితులు, ఊరూర తిరిగి శాసనములకు ప్రతులు తీసిరి. ఆ కృషి ఫలముగా 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటము వెలువడినది. పంచె బిగించి, కాగితపు చుట్టలు చంకనిడి, పాడుపడిన గుళ్లలో ముళ్లకంపలు తొలగించుకొని నిలిచిన ఈ పండితుల వెనుక ప్రభుత్వము లేదు, వాహనము లేదు. శాసనములు చదువుటకు లిపిజ్ఞానము, సంస్కృతజ్ఞానము మాత్రము తోడుండెను.

నేడు వారసత్వ దినములు వచ్చినవి. ఇకోమోస్ అను అంతర్జాతీయ సంస్థ 1982లో సూచింపగా, యునెస్కో 1983లో ఆమోదింపగా, ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినమైనది. నవంబరు 19 నుండి 25 వరకు వారసత్వ వారోత్సవము. మొదటిది సాధారణముగా శ్రీరామనవమికి కొద్దిదినముల ముందో వెనుకనో పడును. రెండవది తరచుగా కార్తికమాసపు చివరి దినములలోనో దానికి కొంచెము తరువాతనో వచ్చును. యాత్రలకు పోవుకాలములే గనుక దేవాలయములకును, పాఠశాలలకును ఇవి అనుకూలములు. కాని ఈ సభల తీరు చూచినవారికి ఒక కొరత కనబడకపోదు. వేదిక, శాలువలు, వక్తలు ముగ్గురు, ఫోటోలు, పిల్లలకు వ్యాసరచన పోటీ. పిల్లలు వ్రాయు వ్యాసమున తాజ్‌మహలు గలదు, హంపి గలదు. తమ ఊరి చెరువు తూము లేదు. వక్తకును ఆ ఊరి తూము తెలియదు. శామీర్‌పేట పెద్దచెరువు కట్టమీద నిలుచుండి, ఈ నీరెక్కడికి పోవును, కట్ట మీద మైసమ్మ యెందుకు కొలువైనది అని ఒక్క పిల్లవాడు అడిగినచో ఆ దినము సార్థకము. విశ్వామిత్రుడు రామలక్ష్మణులను కూర్చుండబెట్టి దేశచరిత్ర బోధింపలేదు. నడిపించెను. ప్రశ్న పుట్టిన తావుననే సమాధానము చెప్పెను. నదిని గూర్చి నావలో చెప్పెను, అడవిని గూర్చి అడవి అంచున చెప్పెను.

కనుక వారసత్వ దినమున వేదిక కట్టుటకంటె, ఊరి పెద్ద ఒకరిని ముందు నడిపించి, పిల్లలను వెంట నడిపించుట మేలు. గుడి, చెరువు, పాతబావి, బొడ్డురాయి, పొలిమేరలోని వీరగల్లు, ఈదమ్మ గద్దె, ఏదియైనను సరే. కుమ్మరి, వడ్ల, కమ్మరి, చాకలి, మంగలి ఇండ్ల వృద్ధులను అడుగవలెను. రథోత్సవమున పగ్గమెవరు పట్టిరి, కళ్యాణమునకు కొత్త కుండలెవరు తెచ్చిరి, పల్లకి మోసినవారి ఇంటిపేర్లేవి అని అడుగవలెను. అర్చకులకును, కరణములకును తెలిసినది కాగితమున కొంతయైనను మిగులును. వీరికి తెలిసినది వీరితోనే పోవును. పూర్వము కావలి సోదరులు మెకంజీ దొరకై ఆంధ్రదేశమున ఊరూర తిరిగి కైఫీయతులు సేకరించినప్పుడు కరణముల దండకవిలెలు వారికి ఆధారమయ్యెను. తరువాత ఆ కవిలెలు చాలవరకు పోయినను కైఫీయతులు నిలిచినవి. ఇచ్చటను వ్రాసినవే నిలుచును.

ఇక జీర్ణోద్ధరణమును గూర్చి ఒక మాట కఠినముగా చెప్పవలసియున్నది. భక్తితోనే చేయు పనులు కొన్ని శాసనములకు మృత్యువులగుచున్నవి. గోడకు ఏటేట వేయు సున్నము అక్షరముల గాళ్లను పూడ్చివేయును. ఎనామెలు రంగు వేసిన పిదప దానిని తొలగించుట దుష్కరము. శాండ్‌బ్లాస్టింగ్ అను ఇసుక యంత్రముతో గోడ కడిగినచో మురికితో పాటు అక్షరపు అంచు కూడ పోవును. నేలమీది శాసనపు బండపై గ్రానైటు పలకలు పరచుట, విరిగిన శాసనస్తంభమును పునాదిలో వేయుట మరింత ఘోరము. ఉభయదారులు సద్బుద్ధితోనే ధనమిత్తురు. తాము వేయించు పాలరాతి ఫలకముపై తమ పేరు నిలువవలెనని కోరుదురు, అది సహజము. ఎనిమిదివందల సంవత్సరముల క్రిందటి ఉభయదారుడు కూడ అట్లే కోరి రాతిపై చెక్కించుకొనెనను సంగతి ధర్మకర్తలు వారికి గుర్తుచేయవలెను.

శాసనము కనబడినచో చేయదగినది స్వల్పము. నూనె పూయరాదు, ఉలితో గీతలు లోతు చేయరాదు, రంగుతో అక్షరములు దిద్దరాదు. దిద్దువాడు తాననుకొన్న అక్షరమునే దిద్దును. అసలు అక్షరము పోవును. ఉదయముననో సాయంకాలముననో ఏటవాలుగా ఎండ పడునప్పుడు ఛాయాచిత్రము తీసినచో అక్షరముల గాళ్లలో నీడ నిలిచి స్పష్టముగా కనబడును. ప్రతి తీయుట తెలిసినవారి పని. వారు రాతిని నీటితో కడిగి, తడికాగితమును అతికించి, కుంచెతో మెల్లగా కొట్టి, కాగితము గాళ్లలోనికి దిగిన పిదప పైన సిరా అద్దుదురు. అక్షరములు తెల్లగా, రాయి నల్లగా వచ్చును. రాష్ట్ర వారసత్వశాఖకు వ్రాసినచో అట్టివారు వచ్చుటకు వీలగును.

చరిత్ర మరచుట వలన నష్టమేమని అడుగువారికి ఈ ప్రాంతముననే సమాధానము కలదు. శామీర్‌పేట చెంత దేవరయాంజాలున శ్రీసీతారామచంద్రస్వామివారి ఆలయము కలదు. దానికి చెందినవిగా చెప్పబడు సుమారు 1,500 ఎకరముల భూములు ఆక్రమణకు లోనైనవన్న ఆరోపణలపై విచారణకు 2021 మే నెలలో రాష్ట్రప్రభుత్వము నలుగురు ఐ.ఏ.ఎస్. అధికారులతో సంఘమును నియమించినది. హక్కుల నిర్ణయము న్యాయస్థానములది, దానిని గూర్చి ఇచ్చట పలుకుట తగదు. కాని ఒక సంగతి గమనింపదగినది. ఇట్టి విచారణలు వచ్చినప్పుడు పాత దస్తావేజులోని సర్వేనంబరు నేలమీద ఎచ్చటిదో, స్వామివారి మాన్యము ఏ వాగు నుండి ఏ గట్టు వరకో చూపగల వృద్ధుని కొరకు వెదకవలసివచ్చును. పండుగనాడు ఊరేగింపు ఏ పొలిమేర వరకు పోయి మరలునో తెలిసిన ఊరికి ఆ వెదకులాట కొంత తగ్గును. ఉత్సవములలో గ్రామప్రదక్షిణమును విధించిన పెద్దలు స్వామి దృష్టి సోకిన నేలను ఊరివారి పాదములకు గూడ ఏటేట గుర్తుచేసిరి. ఇరుకువీధులలో వాహనముల రద్దీకి వెరచి ఈ ప్రదక్షిణమును ప్రాకారము లోపలికి కుదించుట కొన్నిచోట్ల జరుగుచున్నది. దానిని గూర్చి ధర్మకర్తలు మరల ఆలోచింపవలెను.

గృహస్థులకు ఇంతకంటె సులభమైన మార్గము కూడ ఇంటనే కలదు. నిత్యపూజలో సంకల్పము చెప్పునప్పుడు కాలమును బ్రహ్మదేవుని పరార్ధము నుండి నేటి తిథి వరకును, దేశమును జంబూద్వీపము నుండి తాము నిలుచున్న చోటు వరకును చెప్పుకొనుట ఆచారము. అందు కృష్ణాగోదావరుల నడుమ అనియు, శ్రీశైలమునకు ఈ దిక్కుననియు వచ్చును. పురోహితుడు చెప్పించిన దిక్కునే అనాలోచితముగా వల్లించువారు పెక్కుమంది. ఊరు మారినను పాత ఊరి దిక్కునే చెప్పుచుందురు. గుంటూరు నుండియో, వరంగల్లు నుండియో వచ్చి మేడ్చల్‌లో ఇల్లు కట్టుకొన్న కుటుంబము సంకల్పమును సరిచూచుకొనవలెను. శ్రీశైలము మేడ్చల్‌కు దక్షిణమున నున్నది. మేడ్చల్ శ్రీశైలమునకు ఉత్తరమున, కొంచెము పడమటికి ఒరిగియున్నది. పూజామందిరమున కూర్చున్న పిల్లవాడు, శ్రీశైలము ఎటువైపని అడిగినచో తండ్రి మేడపైకి తీసికొనిపోయి దక్షిణమునకు చేయి చాపి చూపవలెను. అదే మేడ మీదినుండి కీసరగుట్ట ఏ వైపున నున్నదో, శామీర్‌పేట చెరువు ఏ వైపున నున్నదో కూడ చూపవచ్చును.

— శుభం —